ఎంతెత్తితే అంత

గోద ఫోను చేస్తనన్న టైముకు గంట ముందుగాలనే చంద్రభాగ వచ్చి అశోక్ చౌక్‌ల బాలయ్య ఫోను డబ్బా ముందర కూచున్నది, ఒళ్లె బీడీల చాట పెట్టుకొని, ఎందుకంటే ఫోనుకు ఏం తెలుసు, ముందుగాల వచ్చినా వస్తది, మోగి మోగి ఎవ్వరూ లేరని ఊకుంటది, అప్పుడు ఆ పిల్ల సముద్రం అవతల, పేరు నోరు తిరగని ఊర్ల, తన బరువుకు రెండింతల ఇనుము నెత్తి మీదికి ఎత్తేముందు తల్లి ఏమన్నదో తెల్వకుండనే పోయి నిలబడాలె. తల్లి అనబోయేది ఒక్కటే మాట. వద్దు. వద్దు బిడ్డా, ఎత్తింది చాలు, చెయ్యి చెయ్యిలాగ వాపస్ రా. పొద్దటి నుంచి ఆ మాటను నోట్లె తిప్పుకుంట నున్నగ చేసుకున్నది, ఫోన్ల తడబడొద్దని. అసలైతే ఈ మాట చెప్పాల్సింది సిద్ధరాములు, తండ్రి గదా, కని ఇన్నేండ్లు బట్టలు నేసే సాంచాల నడుమ నిలబడి నిలబడి ఆయన చెవులను ఆ సాంచాలే తినేసినయి, ఎదుటోళ్ల పెదవులు చూసి మాట పడతడు, ఫోనుకేమో పెదవులుండవు. అందుకే పొద్దుగాల పాళీ డ్యూటీకి పోతూ గడప కాడ నిలబడి, ఏం చెప్తవు అన్నట్టు గదుమ ఎగరేసిండు. చంద్రభాగ ముఖం తిప్పుకున్నది. పెదవులు కనబడకపోతే ఆయనకు అబద్ధం చెప్పే పని లేదు.

చేతులు వాటంతట అవే పని చేస్తున్నయి, ఆకు కత్తిరించిందే, తంబాకు పోసిందే, చుట్టిందే, మూతి మలిచి దారం కట్టిందే, కట్టిన బీడీ చాట అంచుకు పోయిందే, మనసు మాత్రం ఆ గాజు డబ్బాల ఎర్ర ఫోను మీద. కుడి కన్ను అదురుతుంది. ఆడదానికి కుడి కన్ను అదిరితే మంచిది కాదు. ఎదురుంగ చాయ్ బండి కాడ ఎవడో గిలాస పడేసిండు, పగిలింది, అది గూడ మంచిది కాదు. బాలయ్య కుంటికాలు చాపుకొని పేపరు చదువుతున్నడు, చదివేటోడు చదువుతనే, అక్కా, ఆ ఫోనును అట్ల గుడ్లురిమి చూడకు, సిగ్గుపడి మోగుతలేదది, అన్నడు. చంద్రభాగ నవ్వలేదు. నీకేందయ్యా, నీ ఫోను పగిలితే ఇంకోటి వస్తది, అనుకున్నది లోపల.

ఇదంతా అత్త నోట్లెకెళ్లి వచ్చింది. యల్లమ్మ, సచ్చి సర్గాన ఉన్న ముసల్ది, పరకాల దిక్కు పల్లె ఇడిచిపెట్టి సోలాపూర్ వచ్చి నలభై ఏండ్లైనా సమ్మక్కను మాత్రం ఇడువలేదు. గోదకు రెండేండ్లప్పుడు తట్టు పోసి ఒళ్లంత కాలిపోతుంటే, తల్లీ, పిల్ల బతుకనియ్, నిలువెత్తు బంగారం ఇస్త అని మొక్కింది. బంగారమంటే ఆ తల్లి కాడ బెల్లమే. పిల్ల ఎంత తూగితే అంత బెల్లం. పిల్ల బతికింది. జాతర రెండేండ్లకోసారి, ఒకసారి సాంచాలు బందు, ఒకసారి చంద్రభాగకు నెలలు నిండినయి, ఆ పిల్లగాడు దక్కనే లేదు, ఆఖరికి గోదకు ఆరేండ్లొచ్చినంక అందరు లారీ ఎక్కి మేడారం పోయిండ్రు. మొల ఎత్తు దుమ్ము, ఎక్కడ చూసినా మనుషులు, చంద్రభాగ పిల్ల చేతిని తన కొంగుకు ముడేసి కట్టింది, తప్పిపోతే ఎట్లని. తక్కెడ కాడ ముడి విప్పక తప్పలేదు. ఒక పళ్లెంల పిల్లను కూచోబెట్టిండ్రు, ఇంకో పళ్లెంల బెల్లం ముద్దలు పేర్చవట్టిండు బెల్లపాయన. పళ్లేలు ఇంకా సరిగ్గ కానేలేదు, ఒక్క ముద్ద తక్కువుంది కావచ్చు, పిల్ల ధన్మని దునికింది. బెల్లం పళ్లెం పోయి నేలకు గుద్దుకున్నది. అందరు అయ్యో అనేలోపల ఆ పోరి పోయి అండ్లకెళ్లి పెద్ద ముద్ద ఒకటి రెండు చేతుల పట్టి నెత్తిదాక ఎత్తి, గద్దె దిక్కు నడువవట్టింది. బెల్లపాయన నవ్విండు, చుట్టున్నోళ్లు నవ్విండ్రు, యల్లమ్మ పండ్లులేని నోటితోని నవ్వి నవ్వి, కండ్లు తుడుచుకుంట, గద్దె దిక్కు చేతులెత్తి, ఇగ తూకమెందుకు తల్లీ, ఇది ఎంతెత్తితే అంత, అన్నది.

ఎంతెత్తుంటే అంత అనబోయి అట్లన్నదా, నిలువెత్తు అనేది నవ్వుల పడి నోరు జారిందా, లేకుంటే నిజంగనే మొక్కు మార్చి మొక్కిందా, ఎవరికి తెలుసు. ఆ మాట ఆ సందట్ల చంద్రభాగ తప్ప ఇంకెవ్వరు ఇనలేదు. చంద్రభాగ ఇన్నది, సమ్మక్క తల్లి ఇన్నది. వచ్చే ఎండకాలానికి ముసల్ది పోయింది, అడుగుదామంటే లేదు. ఆ ఒక్క ముద్ద ఇచ్చి వచ్చిండ్రు, తక్కెడ అట్లనే ఒక దిక్కు ఒరిగి ఉండిపోయింది, చంద్రభాగ కండ్లు మూస్తే ఇప్పటికీ ఒరిగే ఉంటది.

ఇగ ఆ పిల్ల ఎత్తుడు మొదలువెట్టింది. జోడ్‌భావి పేట్‌ల వాళ్లుండే చాల్‌కు, వరుస అర్రల మేడకు, నల్లా కింద ఒక్కటే, నీళ్లు ఎప్పుడొస్తయో ఎవరికీ తెల్వదు, వచ్చినప్పుడు ఒక్కో హండా ఎక్కియ్యడానికి ఆడోళ్లు నడుములు పట్టుకుంటుంటే గోద రెండు చేతులకు రెండు హండాలు పట్టుకొని మెట్లెక్కేది, అదే చాల్‌ల ఉండే గంగుబాయివి, పక్కింటోళ్లవి, ఎవరు అడిగితే వాళ్లవి. నల్లా పక్కనే తాలీమ్, కుస్తీలు నేర్పే జాగ. అక్కడి ముసలి వస్తాదు, మరాఠాయన, కొన్నాళ్లు చూసి చూసి ఒకనాడు మెట్లెక్కి వచ్చి, బాయీ, పోరీచీ పాఠ్ బఘితలీ కా, దీని వీపు చూసినవా నువ్వు అన్నడు. చంద్రభాగకు గుండెల రాయి పడ్డది, వీపుకు ఏమైందో అనుకొని పిల్ల రైక ఎత్తి చూసింది. ఏమీ కాలేదు, బలముందన్నడు ఆయన. కుస్తీ ఆడపిల్లకు వద్దు, ఇప్పుడు ఆడోళ్లకు బరువుల పోటీలు వచ్చినయి, పంపు అన్నడు. పిల్ల పేరు గోదావరి, అందరు గోదా గోదా అంటరు, గంగుబాయి ఊకుంటదా, గోదాలకే దిగింది నీ గోదా, ఇగ లంగోటి కుట్టియ్, అని చాల్ అంత ఇనేటట్టు నవ్వింది. సిద్ధరాములుకు ఆ నవ్వు ఇనబడలేదు, అదొక్కటి మంచిగైంది. ఆయన పిల్ల ముఖం చూసిండు, చూసి, పో అన్నడు.

అప్పటికెళ్లి చంద్రభాగ లెక్క వేరే. పిల్ల వచ్చి ఇయ్యాల ఇంత ఎత్తిన అవ్వా అని ఎగిరితే, తల్లికి కండ్ల ముందర అంత బెల్లం. జిల్లాల గెలిచి వచ్చింది, ఇంత కుప్ప. బొంబాయిల గెలిచింది, ఇంకింత. సమ్మక్క తల్లి ఏమీ అంటలేదు, ఊకనే చూస్తుంది, కుప్ప పెరగనిస్తుంది. ఊకున్నోళ్లతోనే భయం. బ్యాంకాకుకు పోయి మొదటిసారి అందరికంటే పైన నిలబడ్డప్పుడు తాలీమ్ పోరగాండ్లు ఉరికొచ్చి, గోదకు బంగారం వచ్చింది, బంగారం వచ్చింది అని చాల్ కింద ఒర్రిండ్రు, అది ఇని గంగుబాయి గిన్నె పట్టుకొని పైకొచ్చింది, మొక్కు తీర్చుకున్నరా, చెప్పనేలేదు, మా ఇంటికింత బంగారం పెట్టు వదినె అని. అందరు పడి పడి నవ్విండ్రు. చంద్రభాగ నవ్వుతనే లోపలికి పోయి గోడకు ఆనుకున్నది. ఇచ్చేది బంగారం, వచ్చేది బంగారం, ఆ తల్లి ఆట ఆడుతున్నది తనతోని. పతకం తెచ్చి పిల్ల మెడల వేస్తే అది చల్లగ గుండెకు తగిలింది, మందంగ, బరువుగ, తీసి దేవుని గూట్లె పెట్టింది, పెట్టి, ఇది నీ లెక్కల పట్టుకో తల్లీ అనబోయి, పిల్ల కష్టం గదా, ఎట్ల ఇస్త అని నాలుక కరుచుకున్నది.

ఫోను మోగింది. చాటలకెళ్లి ఆకులు చెదిరినయి. బాలయ్య ఎత్తిండు, హా, హా, సాంగ్తో, చెప్త, అన్నడు, పెట్టేసిండు. ఎవరో చద్దర్ల షావుకారుకట, భీవండికెళ్లి. చంద్రభాగ మోకాళ్ల మీద వంగి ఒక్కొక్క ఆకు ఏరుకున్నది, ఏరుతుంటే ఆకులు వణికినట్టు కనబడ్డయి. అట్లనే వణికింది మొన్న భూమి, కిల్లారిల ఊర్లకు ఊర్లే కూలిన నాడు, ఇంకా తెల్లారకముందే, ఇక్కడ గూడ గూట్లె గిన్నెలు గలగల రాలినయి, అందరు పిల్లలను సంకల వేసుకొని బయటికి ఉరికిండ్రు, చంద్రభాగ మాత్రం గుమ్మంల నిలబడిపోయింది, ఎందుకంటే తన పిల్ల క్యాంపుల ఉన్నది, దూరం, ఆ టైముకు ఇనుము గిట్ల ఎత్తి ఉంటే, భూమి కదిలితే, నెత్తి మీద ఇనుముతోని ఎట్ల నిలబడుతది. పడుకొని ఉంటది గదా ఆ వేళకు అన్నరు ఎవరో. నిజమే. అయినా.

ఎందుకంటే ఒకసారి చూసింది. ఒక్కటేసారి. పోయిన చలికాలంల ఒక పోటీ సోలాపూర్‌లనే పెట్టిండ్రు, రాకపోతే మాట్లాడ అని పిల్ల పట్టు పడితే పోయింది. మొదటి బరువుకు కండ్లు మూసుకున్నది, రెండోదానికి మూసుకున్నది, చప్పుడుతోనే తెలుసుకున్నది, ఎత్తినంక పైనుంచి అంతెత్తు ఇనుమును దబ్బున కింద ఇడిచిపెడతరు, చెక్క నేల అదురుతది, ఎవ్వరు కొట్టరు, తిట్టరు. నెత్తి మీది మూట దించుకునేందుకు ఇంకో మనిషి చెయ్యి కావాలనే చంద్రభాగకు తెలుసు పుట్టినకాడికెళ్లి, తానై ఇడిచిపెట్టొచ్చని తెల్వదు. మూడోదానికి కండ్లు తెరిచింది. తెరవొద్దుండె. ఇనుము భుజాల మీదికి వచ్చింది, పిల్ల ఆగింది, ఊపిరి పట్టింది, నెత్తి మీదికి తోసింది, అగో, కుడి మోచెయ్యి దారం తెగినట్టు అటు తిరిగింది. ఇనుము వెనుకకు పడ్డది, పిల్ల ముందటికి పడ్డది. తానే కండ్లు తెరిచింది, అందుకే అట్లైంది. ఈ మాట గూడ ఎవరికీ చెప్పలేదు.

అప్పుడు నాలుగు నెలలు ఇంట్ల ఉన్నది గోద. మంచిగుండె ఆ నాలుగు నెలలు, పాపం తగులనీ, మంచిగుండె. చెయ్యి కట్టు ఇప్పినంక, ఊకె కూచోబుద్దైతలేదు అవ్వా, నాకూ ఇయ్యి అని చాట ముందర కూచున్నది. చిన్నప్పుడు చుట్టిందే, చెయ్యి మర్వలేదు, కని ఆకు పట్టుకున్నదల్లా చినుగుతుంది. అరచేతులల్ల ఇనుము పట్టి పట్టి కాయలు కాసినయి, ఎండిన మడమలోలె గట్టిగ, అంచులు లేసి, లేత ఆకు ఆ కాయలకు తట్టుకొని సర్రున చీరుతుంది. ఒకటి, ఇంకోటి, ఒళ్లంత చినిగిన ఆకులు. చంద్రభాగ పిల్ల చెయ్యి పట్టి చూసింది. కొబ్బరినూనె రాస్త, మెత్తవడ్తది బిడ్డా అన్నది. గోద చెయ్యి గుంజుకోలేదు, మెల్లగ అన్నది, మెత్తవడితే జారుతది అవ్వా. అప్పుడే అడిగింది తల్లి, భయం గాదా నీకు అని. పట్టుకోకముందు అయితది, పట్టుకున్నంక ఎక్కడికి పోతదో పోతది, అన్నది పిల్ల. చంద్రభాగకు ఆ మాట సమజ్ గాలేదు అప్పుడు. తన భయం ఎన్నడూ ఎక్కడికీ పోలేదు, పుట్టినింటికెళ్లి అత్తింటికి పెట్టెల పెట్టుకొని తెచ్చుకున్నట్టు తెచ్చుకున్నది, ఇంటెడు మంది భయం తానొక్కతే పడ్డది, అత్త ఎన్నడూ భయపడలేదు, మొగుడు ఎన్నడూ భయపడలేదు, పిల్లకైతే అసలే లేదు, వాళ్లు ధైర్యంగ నిద్రపోతే తాను మేలుకొని గడియ చూసుకున్నది.

ఇప్పుడు ఆ చెయ్యితోనే పోయింది. బాగైందన్నరు డాక్టర్లు, అయితే మళ్ల జారితే ఇగ ఎన్నటికీ పట్టు దొరకదు అని గూడ అన్నరు. కోచ్ సారేమో ఆఖరిదానికి ఏం బరువు అడగాలో పిల్లకే ఇడిచిపెట్టిండట. చిన్నది అడిగితే ఎత్తుతది, చెయ్యి మిగులుతది, పతకం ఏదో ఒకటి వస్తది. పెద్దది అడిగితే, ఆసియాల ఇప్పటిదాక ఆ తూకపు పిల్లలు ఎవ్వరూ ఎత్తనిది. మొన్న చెప్పింది ఫోన్ల, పోటీ నాడు పొద్దున చేస్త అవ్వా, నువ్వు ఏమంటే అది. నువ్వు ఏమంటే అది. ఎన్నడూ తల్లిమాట అడగని పిల్ల. అందుకే వద్దు. సమ్మక్క తల్లీ, ఆ ఒక్కమాట నా నోట్ల పెట్టు, కుప్ప ఇక్కడ ఆపు, ఉన్నకాడికి ఎట్లనన్న చేసి ఇచ్చుకుంట.

ఫోను మోగింది. ఈసారి చంద్రభాగ ఆకులు చెదరకుండ చాటను పట్టుకున్నది. బాలయ్య ఎత్తిండు, చెయ్యి ఊపి పిలిచిండు. గాజు డబ్బాల అడుగుపెట్టంగనే బయటి సాంచాల చప్పుడు, రిక్షాల చప్పుడు అన్ని ఎవరో మూట కట్టి పక్కకు పెట్టినట్టైంది. చెవికి పెట్టుకున్నది. సముద్రం ఉన్నట్టే ఉన్నది అండ్ల, ఒకటే హోరు.

“అవ్వా.”

“తిన్నవా?”

“తిన్న. తూకం గూడ అయిపోయింది. ఇగ పిలుస్తరు.” హోరు. “చెయ్యి జర గుంజుతుంది అవ్వా.”

వద్దు. మాట నాలుక కొసకు వచ్చి నిలబడ్డది, నున్నగ, తయారుగ.

“అవ్వా, ఇనబడుతుందా? నాకు భయమైతుంది.”

చంద్రభాగ చెవికి ఆ మాట కొత్తగ ఇనబడ్డది, ఎవరో పరాయి పిల్ల మాట్లాడినట్టు. మెట్ల మీద రెండు హండాలతోని ఎగిరిన పిల్ల, తక్కెడలకెళ్లి దునికిన పిల్ల, మోచెయ్యి తిరిగి పడ్డనాడు గూడ అవ్వా ఏడవకు అన్న పిల్ల, ఇయ్యాల అన్నది భయమైతుందని. ఆ ఒక్క మాటతోని ఏమైందో, చంద్రభాగ లోపల ఎన్నడూ జాగా ఇడువని భయం లేచి నిలబడి, అటు ఇటు చూసి, పిల్ల భయానికి కూచోను పీట వేసి తాను పక్కకు జరిగింది. ఒక ఇంట్ల ఇద్దరు భయపడితే ఇల్లు ఎట్ల నడుస్తది. ఇన్నేండ్ల సంది తానొక్కతే పడ్డది దేనికి మరి, పిల్ల పడొద్దనే గదా. పట్టుకోకముందు అయితదన్నది ఆ పోరి. ఇంకా పట్టుకోలేదు, అంతే. చంద్రభాగ పట్టుకున్నది ఫోనును రెండు చేతుల, ఏలి కణుపులు తెల్లవడేటట్టు.

“ఇను బిడ్డా. భయపడేటి పని నాది. నేను చేస్త, నాకు అలవాటే. ఎత్తేటి పని నీది.”

అటు ఒకటే హోరు. అండ్ల ఎక్కడనో ఎవరో పరాయి భాషల పేర్లు పిలుస్తున్నరు.

“పెద్దదా, చిన్నదా అవ్వా?”

“ఎంతెత్తితే అంత,” అన్నది చంద్రభాగ, నవ్వుల పడి గాదు, నోరు జారి గాదు, ఒక్కొక్క అక్షరం తెలిసి అన్నది, పిల్లకు ఇనబడాలని, ఇంకా అవతల అడివిల కూచున్న తల్లికి గూడ ఇనబడాలని. “నువ్వెంతెత్తితే అంత. మిగతాది నేను చూసుకుంట. ఎత్తు.”

పిల్ల ముక్కు ఎగబీల్చింది. నవ్విందో ఏడ్చిందో తెల్వదు. “నువ్వు వద్దంటవనుకున్న అవ్వా,” అన్నది, అని, పెట్టేసింది.

బయటికి వచ్చేసరికి ఎండ కండ్లల్ల కొట్టింది. బాలయ్య ఏమో అడిగిండు, ఏమో చెప్పింది. పోటీ అయినంక మళ్ల చేస్తరు, పిలుస్త అన్నడు. మొక్కు తీర్చ ఈ మాఘంలనే జాతర ఉన్నది. చౌక్ దాటి కిరాణం కొట్టుకు పోయింది, ఉన్నండ్ల పెద్ద బెల్లం దిమ్మ, ఢేప్, ఏదని అడిగింది, గోనెల మూటగట్టిచ్చింది, ఇది మొదటిది, ఇంకా కావాలె, చాలా కావాలె, కాకా, మాఘం దాక నాకోసం పక్కకు పెడుతూ ఉండు అన్నది. కొట్టాయన, పెండ్లా ఇంట్ల అని అడిగిండు. అంతకన్న పెద్దది అన్నది. ఢేప్‌ను మెట్టు దాక దొర్లిచ్చి, ఇంటిదాక మోసే హమాలీ అన్నానికి పోయిండు, జర ఆగమన్నడు కొట్టాయన. చంద్రభాగ గోనె చెవులు పట్టి గుంజి చూసింది. కదలలేదు. నవ్వొచ్చింది. ఇసొంటివి ఎన్నింటిని ఒక్కపారే నెత్తి మీదికి తోస్తది ఆ పోరి, కండ్లు తెరిచి చూసినా మూసుకొని చూసినా ఎత్తుతది, తల్లి కండ్లల్ల ఏముంది.

అప్పుడు వచ్చిండు సిద్ధరాములు, అన్నం సుట్టిల ఇంటికి పోకుండ సీదా చౌక్‌కే, జుట్టు నిండ తెల్లటి దూది పోగులు, ఒచ్చుడు ఒచ్చుడే ఎదురుంగ నిలబడి గదుమ ఎగరేసిండు. ఏం చెప్పినవు? ఈసారి చంద్రభాగ ముఖం తిప్పుకోలేదు. ఎండల నిలబడి, ఆయన కండ్ల ముందర, పెదవులు మంచిగ తెరిచి, నిమ్మలంగ అన్నది.

“ఎత్తు.”

ఆయన ఆమె పెదవులు చూసిండు. ఆమె కాళ్ల కాడి గోనె చూసిండు. ఒంగి, మోకాళ్లు మడిచి, ఒక్క ఊపిరిల లేపి భుజం మీద వేసుకున్నడు, ఏంది, ఎవరికి, ఎందుకు అని అడగనే లేదు, ఇంటి దిక్కు మర్లి నడువవట్టిండు. ఏమయా, నిన్ను గాదు, అన్నది చంద్రభాగ, కని వెనుకనుంచి పిలిస్తే ఆయనకెట్ల ఇనబడుతది. పోతనే ఉన్నడు, మెడ నరాలు తేలి, కాలు జర తడబడి, మళ్ల సర్దుకొని. ఈ వయసుల ఆ నడుము, అసలే పోయినేడు పట్టేసింది, మెట్ల కాడ గిట్ల జారితే, అనుకున్నది, అప్పుడే మొదలువెట్టింది. అది తన పనే గదా. చాట సంకల పెట్టుకొని, ఒట్టి చేతులతోని, ఆయన వెనుకాల నడిచింది.